రాయికి పలకలు, భూమికి హక్కులు

ఆ కట్టె ఇంత ఎగదొయ్యిర్రి బిడ్డా, చలి బాగనే ఉన్నది. ఇయ్యాల మీకు వజ్రాల ముచ్చట చెప్త. కోర్టు ముచ్చట గూడ అండ్లనే ఉన్నది, ఇనుర్రి.

మన కోదాడ దాటి బెజవాడ రోడ్డు పట్టుకొని పోతే నందిగామ, కంచికచర్ల అయినంక పరిటాల వస్తది. బస్సుల పోయేటోళ్లకు ఆంజనేయస్వామి పెద్ద విగ్రహమే కండ్లవడ్తది గని, ఒకప్పుడు అది వజ్రాల గనుల ఊరు. చుట్టూరా ఇంగ్లిషోళ్ల కృష్ణా జిల్లా, నడుమ పరిటాల దిక్కు కొన్ని ఊర్లు మాత్రం నిజాము సర్కారువి. ఇంకో దిక్కు కృష్ణ అవతలి ఒడ్డున కొల్లూరు. టావెర్నియే అని ఒక ఫ్రెంచి యాపారి మూడున్నర వందల ఏండ్ల కిందనే ఆ కొల్లూరుకు వచ్చిండు. ఆడోళ్లు, మొగోళ్లు, పిల్లలు కలిసి 60,000 మంది గనుల్ల పనిచేస్తుండ్రని రాసుకున్నడు. ఇప్పుడు ఆ తావు పులిచింతల ప్రాజెక్టు నీళ్ల కింద ఉన్నది.

ఆ టావెర్నియే ఒక మాట బాగ కనిపెట్టిండు. మనోళ్లు వజ్రాన్ని సాన పట్టేటప్పుడు, రాయి స్వచ్ఛంగ ఉంటే దాని జోలికి ఎక్కువ పోకపోదురు. ఉన్న మొకాలనే ఇంత నునుపు చేసి ఇడిచిపెడ్దురు. ఎందుకంటే బరువు పోతే ధర పోతది. అదే రాయిల మచ్చనో, చీలికనో, ఎర్ర చుక్కనో ఉంటే మాత్రం మస్తుగ చిన్న చిన్న పలకలు పెడ్దురు. ఆ పలకల తళతళల లోపలి మచ్చ కండ్లవడకుంట పోతది. అంటే పలక అన్నది వెలుగు చూపనీకైనా పెడ్తరు, లోపం దాయనీకైనా పెడ్తరు. ఇది యాదిల పెట్టుకోర్రి, ముందట పనికొస్తది.

సాన పట్టుడంటే అలకటి పని గాదు. వజ్రాన్ని వజ్రపు పొడితోనే అరగదీయాలె. ఒక్కసారి అరిగిందంటే మళ్ల అతకదు. మొగలు పాదుషాల కాడ ఒక పెద్ద రాయి ఉండె, అది గూడ మన కృష్ణ ఒడ్డు గనులదే. పచ్చి రాయిగ ఉన్నప్పుడు 787½ క్యారట్లని టావెర్నియే లెక్క. హోర్టెన్సియో బోర్జియో అని వెనిస్ నుంచి వచ్చినోని చేతుల పెడ్తే, వాడు అరగదీసి అరగదీసి 280 క్యారట్లకు తెచ్చిండు. కూలి ఇచ్చుడు దేవుడెరుగు, ఉల్టా 10,000 రూపాయల జుల్మానా ఏసిండ్రు. కోహినూరుకు గూడ అదే గతి. 1852ల లండన్ల మళ్ల కోయిస్తే 186 క్యారట్లది 105 దాకా వచ్చింది. మెరుపైతే పెరిగింది గని సగానికి దగ్గర బరువు పొడై పోయింది.

ఇగ మన నిజాము రాయి ఒకటి ఉన్నది, జాకబ్ వజ్రం. 184 క్యారట్ల పైన బరువు, 58 పలకలు. 1891ల ఆరో నిజాము మహబూబ్ అలీఖాన్‌కు అలెగ్జాండర్ జాకబ్ అనే యాపారి దాన్ని బేరానికి తెచ్చిండు. 46 లక్షల కాడ మాట కుదిరింది, అండ్ల సగం 23 లక్షలు ముందే చేతులవడ్డయి. తర్వాత నిజాము ఒద్దన్నడు. పైసలు వాపసియ్య అన్నడు. జాకబ్ ఇయ్యనన్నడు. లడాయి కలకత్తా హైకోర్టు దాకా పోయింది. నిజాము దిక్కోళ్లు ఆ పైకం ఉట్టి ధరావతు అన్నరు. జాకబ్ దిక్కోళ్లు అది బేరం సొమ్మన్నరు. పైసలు అవే, రసీదు అదే. ఏ దిక్కు నుంచి చూస్తే ఆ దిక్కే కనవడ్డది. ఆఖరికి జాకబ్ మీద నేరం నిలవలేదు. గని కేసుల ఖర్చుకు ఆయన మల్ల కోలుకోలేదు.

నేను సూర్యాపేటల ఒక వకీలు సాబ్ దగ్గర గుమాస్తాగ చేసేటప్పుడు ఈ కథ ఆయన నోట్లనే ఇన్న. మన దగ్గర వజ్రాలెక్కడివి గని, భూమి కేసులు గంపలు గంపలు. భూమికి గూడ పలకలుంటయి రా, అనేటోడు. పట్టా ఒకటి. కబ్జా ఒకటి. కౌలు ఒకటి. తాకట్టు ఒకటి. బాట హక్కు, బాయి నీళ్ల వంతు ఇంకొకటి. ఒక్క సర్వే నంబరు మీదనే ఇవన్ని తలా ఒకరి చేతుల ఉండొచ్చు.

దొరల కాలంల ఇన్ని లేవు. పట్టా దొరది, మాట దొరది. మన సూర్యాపేట తాలూకాల ఎర్రపహాడు దొరకు లక్షన్నర ఎకరాలని చెప్పుకునేటోళ్లు. తరాల సంది దున్నేటోని పేరు కాయితం మీద ఉండకపోయేది. 1946 నుంచి 51 దాకా దొరల మీద రైతులు కొట్లాడినప్పుడు ఈ సూర్యాపేట, హుజూర్‌నగర్ దిక్కు ఎంత రక్తం కారిందో మీకు తెల్వంది గాదు. ఆ దెబ్బకే 1950ల హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారు అన్న పలక అప్పుడు పడ్డది. ఆ హక్కు కొడుకులకు, మనుమండ్లకు గూడ వస్తది. పట్టాదారు అమ్మాలనుకుంటే ముందుగాల వాన్నే అడగాలె. ఆ చట్టంల 38-ఈ సెక్షన్ కింద ఆ కౌలుదారే యజమాని అయిండంటూ సర్టిఫికెట్లు గూడ తర్వాత వచ్చినయి.

సాగర్ ఎడమ కాల్వ పారినంక మిర్యాలగూడ దిక్కు భూముల ధరలు ఎగిరినయి. అప్పుడొక ఆసామి ఎర్రటి మాగాణి కొన్నడు. పట్టా చూసిండు, రిజిస్ట్రేషన్ చేయించిండు, మడిల నాగలి దించిండు. ఒకనాడు ఒక ముసలవ్వ కొంగుల మూటగట్టిన కాయితం పట్టుకొని గట్టు మీదికొచ్చింది. అండ్ల తన పెనిమిటి పేరు రక్షిత కౌలుదారుగ రాసున్నది. ఆసామి మా వకీలు సాబ్ దగ్గరికి ఉరికొచ్చిండు. సాబ్ పాత పహాణీ నకళ్లు తెప్పించి బల్ల మీద పరిచిండు. సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు... ఆ గడి మీద ఏలు ఆపకుంట పక్కకు జరిపిండు. అనుభవదారు గడిల అవ్వ పెనిమిటి పేరే, ఏడాదెనక ఏడాది, అదే పేరు. అమ్మినోడు ఆసామికి మెరిసే పలకొక్కటే చూపించిండు. మచ్చ దాసిండు. ఆఖరికి పెద్దమనుషుల నడుమ చెరి సగం చేసుకున్నరు, కోర్టు ఖర్చు మాత్రం ఇద్దరికీ మిగిలింది.

2020ల భూమి రికార్డులకు ధరణి పోర్టల్ వచ్చినప్పుడు ఆ అనుభవదారు గడినే లేకుంట చేసిండ్రు. పట్టా పలక తళతళ మెరిసింది, మిగిలినయన్ని అరిగిపోయినయి. కౌలుకు చేసేటోడు, సాదాబైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేని ఉట్టి కాయితం మీద కొనుక్కున్నోడు, అందరు దరఖాస్తులు పట్టుకొని ఆఫీసుల చుట్టు తిరిగిండ్రు. 2025 ఏప్రిల్ 14న దాని జాగల భూభారతి తెచ్చి అప్పీలుకు దారి మళ్ల తెరిచిండ్రు.

సర్కారు భూమి తీసుకునేటప్పుడు గూడ ఇట్లనే. ఆస్తి హక్కును 1978ల ప్రాథమిక హక్కుల్లకెల్లి తీసి 300-ఏ అధికరణల పెట్టిండ్రు. ఇగ అది ఉట్టి పేరుకే అనుకున్నరు చానమంది. గని 2024 మే నెల్ల సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది, రాసింది మన తెలుగాయన, జస్టిస్ నరసింహ. ఆ ఒక్క హక్కుల ఏడు హక్కులున్నయన్నడు. నోటీసియ్యాలె. మాట ఇనాలె. కారణం చెప్పి నిర్ణయం తీసుకోవాలె. ప్రజల అవసరానికే తీసుకోవాలె. న్యాయంగ పరిహారమియ్యాలె. తాత్సారం లేకుంట పద్ధతిగ నడపాలె. ఆఖరికి పని ముగించి భూమి సర్కారు స్వాధీనమైందని తేల్చాలె. పులిచింతల కింద ఊర్లకు ఊర్లు ఇడిచిన మన కృష్ణ ఒడ్డోళ్లకు ఈ ఏడిట్ల ఒక్కటి తక్కువైనా ఎట్లుంటదో చెప్పే పని లేదు. ఇండ్ల ఏ ఒక్కటి చూపకున్నా సర్కారును నిలదీయొచ్చు.

అందుకే బిడ్డా, పలకలు ఎక్కువున్నయని బెదరొద్దు, ఒక్కటే మెరుస్తుందని మురవొద్దు. రేపు మీరు గుంటెడు జాగ కొన్నా సరే, 1954-55 ఖాస్రా పహాణీ నుంచి నకళ్లు తీయుర్రి, రక్షిత కౌలుదారు రిజిస్టరు చూడుర్రి, ఈసీ తీయుర్రి. అన్నిటికంటె ముందు ఆ గట్టు మీదికి పోయి, ఈడ దున్నుతున్నదెవరని చుట్టుపక్కల రైతులను అడగుర్రి. అడిగినంకనే బయానా ఇయ్యుర్రి.