వంశావళి సాక్ష్యము: హండె సిద్ధప్ప నాయని వృత్తాంతము

పూర్వుల చరిత్రను శోధింపబూనిన వారికి మొదట లభించునది వంశావళి. తండ్రి, కుమారుడు, మనుమడు అను క్రమము కానవచ్చినంతనే చరిత్ర తేలినదని తోచును. కాని ఆ వంశావళిని ఎవరు, ఎప్పుడు, ఎవరికి చూపుటకై వ్రాసిరో తెలిసినగాని దానిని సాక్ష్యముగా గ్రహింపరాదని మా అభిప్రాయము. అనంతపుర పాలెగాండ్రయిన హండె వంశీయులలో కడపటివాడగు సిద్ధప్ప నాయని వృత్తాంతమును ఇందులకు నిదర్శనముగా గైకొనుచున్నాము.

విజయనగర ప్రభువుల కాలమున హండె హనుమప్ప నాయుడు ఈ సీమకు అధిపతి అయ్యెను. 1757లో మురారిరావు ఘోర్పడే అనంతపురమును ముట్టడింపగా, నాటి నాయడు కొంతకాలమెదిరించి, తుదకు 50,000 రూపాయలిచ్చి అతనిని మరలించెను. పిమ్మట సీమ హైదరాలీకిని, అతని కుమారుడు టిప్పునకును వశమయ్యెను. టిప్పు ఈ వంశపు పురుషులను ఉరితీయించెననియు, శ్రీరంగపట్టణమున బందీగానున్న సిద్ధప్ప ఒక్కడే తప్పించుకొని కాళహస్తికి పారిపోయెననియు చెప్పబడుచున్నది. 1799లో టిప్పు మడియగా సిద్ధప్ప తిరిగివచ్చి అనంతపురమును ఆక్రమించెను. కాని నిజాము సేన వచ్చుచుండుట చూచి లొంగిపోయి, పెద్దలు ఏలిన భూమినే గుత్తకు తీసికొన సమ్మతించెను. 1800లో ఈ మండలములు కుంఫిణీకి దత్తమైన పిదప, మన్రో కాలమున భరణము పొంది సిద్ధరామపురమున నివసించెను.

ఈ వృత్తాంతమునందు గమనింపదగిన విషయమొకటి కలదు. భూమిని ఏలుచున్నవానికి తన వంశక్రమమును ఇతరులకు నిరూపింపవలసిన అగత్యము స్వల్పము. భూమిని కోల్పోయిన వానికే ఆ అగత్యము మిక్కుటము. దత్తమండలముల పాలెగాండ్రను గూర్చి మన్రో 1802లో నివేదిక వ్రాసెను. వీరి హక్కు ఎంత ప్రాచీనము, చెల్లించిన పేష్కషు ఎంత, ఇక మీదట ఎంత యీయవలెను అనునవి అతనికి ముఖ్యములు. అనతికాలముననే కర్నల్ మెకంజీ పక్షమున గ్రామములు తిరిగినవారు కరణములనడిగి, కవిలెలు చూచి కైఫీయత్తులు సేకరించిరి. వీరికి పూర్వోత్తరము ప్రధానము. అడుగువాని ప్రయోజనము వేరైనపుడు చెప్పువాని మాటయు వేరగును. భరణమును ఆశించు కుటుంబము తన ప్రాచీనతను పెంచి, చెల్లింపులను తగ్గించి చెప్పుటకు అవకాశమున్నది. కావున ఈ రెండును ఏకీభవించిన చోట విశ్వాసమును, భేదించిన చోట విచారణను చూపవలెను.

పేర్లును చిక్కు కలిగించును. తాతపేరు మనుమనికి పెట్టుట మన ఆచారమగుటచే సిద్ధప్ప, హనుమప్ప వంటి పేర్లు ఒక్క వంశముననే మరల మరల వచ్చుచుండును. ఇద్దరిని ఒక్కరిగా తలచినచో రెండు తరములు లోపించును. సంవత్సరనామమును మాత్రమే చెప్పి శకవర్షమును చెప్పని వ్రాతలయందు మరియొక ప్రమాదము కలదు. ధాత అనగా 1756-57 కావచ్చును, 1816-17 కావచ్చును, ఘోరక్షామము సంభవించిన 1876-77 కావచ్చును. ఏలిక పేరో, అధికారి పేరో తోడైనగాని కాలనిర్ణయము పొసగదు.

పత్రములు ఎచ్చట వెదుకవలెనో కూడ తెలియవలెను. అనంతపురము ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది 1882లో. అంతకుముందు అది బళ్ళారి జిల్లాలోనిది. 1910లో చేరిన కదిరి అంతకు పూర్వము కడపజిల్లాలోనిది. కావున 19వ శతాబ్దిలో అనంతపురమున జీవించిన పూర్వుని జాడకై బళ్ళారి జిల్లా దస్త్రములనే పరిశీలింపవలసియుండును.

ఇంతవరకు చెప్పినది పాలెగాని చరిత్ర. సామాన్యుని మాట యేమి? వానలు చాలని ఈ మెట్టసీమలో చెరువే జీవనాధారము. చెరువు కట్టించి గాని, మరమ్మతు చేయుచు గాని దశబంధ మాన్యమును అనుభవించినవారును, తూము తీసి నీరు పారించు నీరుగంట్లును మాన్యదారులగుటచే ప్రభుత్వపు లెక్కలకెక్కిరి. 1858లో ఏర్పడిన ఇనాము కమిషను రిజిస్టర్లలో అనుభవదారుని పేరు, వయస్సు, మొదట మాన్యము పొందినవానితో సంబంధము నమోదైనవి. తాళపత్ర మొక్కటియు లేని ఇంటివారికి వంశావళి ఇదియే. మాన్యము కూడ లేక, కరవున వలసపోయినవారి పేర్లు ఇందును దొరకవు. వంశావళి హక్కు వెంట నడచునదని చెప్పుటకు ఇంతకన్న నిదర్శనమక్కరలేదు.

1984లో వంశపారంపర్యపు కరణీకము రద్దయినది. కరణముల ఇండ్లలో మిగిలిన పాతలెక్కల కట్టలకు నాటినుండి సంరక్షకుడు లేడు. గ్రంథాలయములకు చేరిన కైఫీయత్తులు భద్రముగానున్నవి. ఆ కట్టలకు ఆ రక్షణ లేదు. పరిశోధక విద్యార్థులు తమ తమ గ్రామములందలి కట్టలను చూచి, ఏ కట్ట ఎవరియింట, ఏ కాలమునుండి ఏ కాలమువరకు ఉన్నదో పట్టిక వ్రాసికొనుట తక్షణ కర్తవ్యము. సిద్ధప్ప నాయని చరిత్ర నివేదికలలో నిలిచియున్నది. నీరుగంటివాని తాత పేరు ఆ కట్టలతోనే నశించును.