సరంగు లేని పడవ

పుట్టి ఎక్కేముందు చెప్పులు విప్పాలి. ఎవరూ చెప్పరు, గట్టు మీద వరసగా విడిచిన జతలు చూసి మీకే తెలుస్తుంది. పొద్దున్నే గద్వాలలో బయల్దేరి కృష్ణ ఒడ్డుకు వచ్చారు. ఎదురుగా నది నడిమధ్య గుర్రంగడ్డ, చుట్టూ నీళ్ళున్న ఊరు. పైన జూరాల గేట్లు ఎత్తితే దానికి దారి తెగిపోతుంది. ఇవాళ గేట్లు మూసే ఉన్నాయి. కార్తీక మాసం చలికి నీటి మీద సన్నగా పొగలు లేస్తున్నాయి.

పుట్టి అంటే వెదురుతో అల్లిన పెద్ద బుట్ట. ఒకప్పుడు అడుగున తోలు బిగించేవాళ్ళు. ఇప్పుడు పట్టా, దాని మీద తారు. గుండ్రంగా ఉంటుంది కనక దానికి ముందూ లేదు, వెనకా లేదు. మీరు కాలు పెట్టగానే మెత్తగా కుంగి, ఒక చుట్టు తిరుగుతుంది. మీ చేయి తెలియకుండానే అంచు మీదికి పోతుంది.

"ఏం గాదు సారూ, నడిమిట్ల కూసో. అంచు పట్టుకుంటెనే ఒరుగుతది," అంటాడు తెడ్డు పట్టిన పెద్దాయన.

తెడ్డును తన ముందు నీళ్ళలో ముంచి తన వైపుకే లాక్కుంటున్నాడు, ఒకసారి కుడి నుంచి, ఒకసారి ఎడమ నుంచి. పుట్టి ఎడమకు తిరగబోతే ఆపుతాడు, కుడికి తిరగబోతే ఆపుతాడు. చూపు మాత్రం తెడ్డు మీద లేదు. అవతలి గట్టున ఒక వేపచెట్టు ఉంది, దాన్నే చూస్తున్నాడు. పుట్టి ఎటు తిరిగినా అది పోయే దారి చెట్టు వైపే.

మనిషి లేకుండా నడిచే పడవలు కట్టే ఇంజనీర్లకు మొదట ఎదురయ్యే చిక్కు ఇదే. పడవ చూస్తున్న దిక్కు వేరు, పోతున్న దిక్కు వేరు. పక్కగాలి వీచినా, ప్రవాహం లాగినా రెండూ కలవవు. ఒక్క జీపీఎస్ యాంటెన్నా ఉంటే పడవ ఎక్కడుందో, ఎటు కదులుతోందో తెలుస్తుంది. నిలబడిపోతే దాని మొహం ఎటుందో తెలియదు. అందుకని ముందొకటి వెనకొకటి రెండు యాంటెన్నాలు పెట్టి, రెండింటి మధ్య తేడా లెక్కగట్టి దిక్కు కనుక్కుంటారు. ఊగును కొలిచే గైరోలు దానికి తోడు. ఇంత సరంజామా చేసే పనిని పెద్దాయన వేపచెట్టుతో కానిచ్చేస్తున్నాడు.

పడవలోంచి మనిషిని దించాలంటే, ముందు ఆ మనిషి ఏమేం చేస్తున్నాడో ఒక్కటీ వదలకుండా రాసుకోవాలి. ప్రపంచంలో చాలా నౌకాదళాలు ఇప్పుడు తలమునకలుగా చేస్తున్న పని ఇదేనని నాకు పుట్టిలో కూర్చున్నాకే గట్టిగా తట్టింది.

ఆలోచన పాతదే. 1898లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నీళ్ళ తొట్టి కట్టి, నికోలా టెస్లా ఒక చిన్న ఇనప పడవను రేడియో తరంగాలతో నడిపి చూపించాడు. 1917 అక్టోబరులో జర్మన్లు పేలుడు మందు నింపిన ఖాళీ పడవను బెల్జియం తీరం దగ్గర బ్రిటిష్ యుద్ధనౌక ఎరెబస్ మీదికి తోలారు. అది కొట్టింది, ఎరెబస్ దెబ్బతింది. ఆ పడవ వెనక కిలోమీటర్ల పొడవున తీగ సాగేది. గాలిపటానికి దారంలాగా, ఒడ్డున కూర్చున్నవాడు ఆ తీగతోనే చుక్కాని తిప్పేవాడు.

పుట్టి గడ్డకు తగులుతుంది. పెద్దాయన డబ్బా తీసుకుని అడుగున ఊరిన నీళ్ళు తోడి పారబోస్తాడు. మాట్లాడుతూనే తోడతాడు, చూడకుండానే తోడతాడు. ఇదీ రాసుకోవాలి.

మధ్యాహ్నానికి బీచుపల్లి వంతెన దాటి రంగాపురం దగ్గర వనపర్తి జిల్లాలోకి వస్తారు. 2009 అక్టోబరు వరదకు శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు దాటి 896 అడుగుల దాకా లేచింది. వెనక్కి తన్నిన నీళ్ళు అలంపురంలోకి, కర్నూలులోకి వచ్చాయి. ఇవాళ వంతెన కింద బండలు ఎండకు కాలుతున్నాయి. పెబ్బేరు, వీపనగండ్ల మీదుగా కొల్లాపురం దారి పట్టండి. ఈ పల్లెల్లో ఏ గడప తొక్కినా మట్టి పనికో, ఆనకట్ట పనికో, బొంబాయికో పోయి వచ్చినవాళ్ళు ఉంటారు. పాలమూరు కూలీ చెయ్యి పడని ఆనకట్ట దేశంలో లేదంటారు. బండ పేల్చేటప్పుడు ముందు ఎవరిని పంపుతారో ఈ నేలకు బాగా తెలుసు.

సముద్రంలో మైన్లు, అంటే నీళ్ళలో దాచిన పేలుడు గుండ్లు, వెతకడం అలాంటి పనే. నీళ్ళలో ఎక్కడో మైను ఉంది, దాన్ని వెతకడానికి మనుషులతో నిండిన ఓడ అదే నీళ్ళలోకి పోవాలి. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మైన్లతో వచ్చి విశాఖ ముంగిట్లోనే మునిగింది. రేవు నోరు ఇరుకు, అక్కడ నాలుగు మైన్లు చాలు, లోపలున్న నౌకలన్నీ బందీలే. అయితే మన నౌకాదళంలో మైన్లు ఏరే చివరి ఓడ కోజికోడ్ 2019 ఏప్రిల్‌లో సేవ నుంచి తప్పుకుంది. ఆ పనికి సోనార్ లాక్కుంటూ ముందు ఖాళీ పడవ పోవాలని, మన ఊళ్ళ పిల్లలున్న ఓడ ఆమడ దూరంలో ఆగాలని నేను మనసారా కోరుకుంటాను. సరంగు లేని పడవ ఎందుకని అడిగితే నాకు ముందు తోచే జవాబు ఇదే.

సోమశిల చేరేసరికి పొద్దు వాలుతోంది. ఘాటు మెట్ల కింద శ్రీశైలం వెనక నీళ్ళు, కనుచూపు మేర నీలం, అంచున నల్లమల. ఇక్కడి సోమేశ్వరుణ్ణి కూడా జలాశయం కదిలించింది, పాత గుడి మునిగే చోటు నుంచి పైకి తెచ్చి కట్టారు. అవతలి ఒడ్డు నంద్యాల జిల్లా. మధ్యలో వంతెనకు 1,082 కోట్లతో 2022లో కేంద్రం ఒప్పుకుంది. పక్కనే మంచాలకట్ట. 2007 జనవరిలో అక్కడ జనంతో కిక్కిరిసిన పడవ తిరగబడి 60 మందికి పైగా పోయారు. ఈ నీళ్ళలో పడవ ఎక్కేవాళ్ళెవరూ ఆ సంగతి ఎత్తరు, అయినా అందరికీ గుర్తే.

మీకోసం ఫైబరు పడవ సిద్ధంగా ఉంది. నడిపేవాడు విశాఖ వైపు నుంచి వచ్చినవాడు. ఆ తీరం నుంచి వచ్చి, ఈ వెనక నీళ్ళ ఒడ్డున గుడిసెలేసుకుని చేపలు పట్టే కుటుంబాలు చాలానే ఉన్నాయి. 

"కూకోండి బాబూ, ఎల్లిపోదాం," అని తాడు లాగుతాడు. ఇంజన్ దగ్గి అందుకుంటుంది.

ఇప్పుడు ఈ పడవనే సరంగు లేని పడవగా మార్చాలనుకోండి. ఉన్న పడవను మార్చడమే చవక, త్వరగా అయ్యే పని, చాలా దేశాలు అక్కడే మొదలుపెట్టాయి. చుక్కాని పట్టిన చేతి బదులు ఒక మోటారు కడ్డీ. వేగం పెంచే వేళ్ళ బదులు ఇంకొకటి. కళ్ళకు కెమెరాలు, రాత్రికి వేడిని చూసే కెమెరా, దూరానికి రాడార్. నీళ్ళు తోడే డబ్బా బదులు, మట్టం పెరగగానే తనంతట తాను తిరిగే పంపు. ఇంతవరకు సులువే. మంచి వర్క్‌షాపు ఉంటే కొన్ని వారాల పని.

మిగిలినదే కష్టం. అతని పాదాలు చూడండి. చెప్పుల్లేకుండా పలక మీద ఆనించి ఉన్నాయి. ఇంజన్ అదురు మారితే ముందు అరికాలికే తెలుస్తుంది. పొగ వాసన మారితే ముక్కుకు తెలుస్తుంది. ఉన్నట్టుండి ఇంజన్ వేగం తగ్గించి తల పక్కకు వంచుతాడు. మీకేమీ వినపడదు. కాసేపటికి కొండ మలుపులోంచి ఇంకో పడవ వస్తుంది. ఓడలు ఢీకొనకుండా 1972లో ప్రపంచమంతా ఒప్పుకున్న నియమాల్లో 5వది, ప్రతి నౌకా చూపుతోనూ వినికిడితోనూ ఎప్పుడూ కాపలా కాయాలంటుంది. చెవి లేని పడవకు ఆ నియమం ఎలా నేర్పాలో చట్టం రాసేవాళ్ళూ పడవ కట్టేవాళ్ళూ కలిసి కూర్చుని తేల్చాల్సిందే.

మీ ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఎప్పుడో పోయాయి. నల్లమల కొండల మధ్య టవరు అందదు. ఒడ్డు నుంచి నడిపే పడవకు ఇలాంటి చోట మాట అందకపోతే ఆగిపోవాలా, వచ్చిన దారినే తిరిగి పోవాలా, చెప్పిన పని ముగించే రావాలా? యుద్ధంలో శత్రువు కావాలనే ఆ మాట తెంచుతాడు. కనక జవాబు బయల్దేరకముందే పడవ లోపల ఉండాలి.

"ఈ అడుగునే గుడుంది బాబూ," అంటాడు సరంగు, పడవను వెడల్పుగా తిప్పుతూ. సంగమేశ్వరం. ఏడు నదులు కలిసే చోట వేప మొద్దు శివలింగంగా వెలిసిన గుడి, నీళ్ళు బాగా తగ్గిన వేసవిలోనే బయటపడుతుంది. పైన అలలు అన్నిచోట్లా ఒకేలా ఉన్నాయి. రాడార్ నీటి పైనున్నదే చూస్తుంది, కిందిది తెలియాలంటే సోనార్ కావాలి. అతనికి ఏ కొండకు ఏ కొండ అడ్డం వస్తే గుడి శిఖరం మీదికి వచ్చినట్టో తెలుసు.

సరంగు లేని పడవలు ఇప్పటికే యుద్ధానికి పోయాయి. 2022 అక్టోబరు 29న ఉక్రెయిన్ పంపిన ఖాళీ పడవలు సెవస్తొపోల్ రేవు మీద పడ్డాయి. 2024 ఫిబ్రవరి 1న అలాంటివే మాగురా పడవలు రష్యా క్షిపణి నౌక ఇవనోవెట్స్‌ను ముంచాయి. మాగురా పొడవు 5.5 మీటర్లు, అంటే మీరు కూర్చున్న ఈ పడవకు అటూ ఇటూ. మనవాళ్ళూ ఆగలేదు. 2024 అక్టోబరు చివర్లో సాగర్ డిఫెన్స్ ఇంజనీరింగ్ సంస్థ కట్టిన మాతంగి అనే పడవ ముంబై నుంచి తూత్తుకుడికి తనంతట తాను 1,500 కిలోమీటర్లు సాగే యాత్రకు రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ జెండా ఊపారు. విశాఖలో 1969 నుంచి ఉన్న ఎన్‌ఎస్‌టీఎల్ అనే నౌకాదళ ప్రయోగశాలలో అర కిలోమీటరు పొడవైన నీళ్ళ తొట్టి ఉంది. అందులో నమూనా పడవలను లాగి, ఏ వంపుకు నీళ్ళు ఎంత ఎదురొస్తాయో కొలుస్తారు. అది ఈ సరంగు పెరిగిన తీరమే.

నేవీ పడవల మాట ఎత్తితే అతని మొహం కొంచెం మారుతుంది. "మనిషి లేకపోతే మంచిదే బాబూ. మరి మా తెప్పని అదెలా గుర్తెడతాది?"

ఆ ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. చిన్న ఫైబరు తెప్ప రాడార్‌లో అలల మధ్య కలిసిపోతుంది. వల బెండ్లు అసలే కనపడవు. 2012 ఫిబ్రవరిలో కేరళ తీరం దగ్గర ఎన్రికా లెక్సీ ఓడ మీది ఇటలీ సైనికులు మన జాలర్లు ఇద్దర్ని దొంగలనుకుని కాల్చి చంపారు. అక్కడ చూసినవి మనుషుల కళ్ళే. వెతకడం, కాపలా కాయడం, మునిగేవాడికి తాడు అందించడం యంత్రానికి అప్పగించండి. కాల్చే మాట మాత్రం మనిషి నోటి నుంచే రావాలి, ఆ మనిషి పేరు కాగితం మీద ఉండాలి. ఇందులో నాకు రెండో మాట లేదు.

చీకటి పడ్డాక తిరుగు ప్రయాణం. సోమశిల దీపాలు కనిపిస్తున్నాయనగా ఇంజన్ గొంతు బరువెక్కి, ఒక్కసారి గింజుకుని ఆగిపోతుంది. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. పడవ నెమ్మదిగా పక్కకు తిరుగుతోంది.

"ఫ్యానుకి వల సుట్టీసింది," అంటాడు, పెద్ద సంగతేం కాదన్నట్టు.

అమెరికాలో పెద్ద ఖాళీ నౌకలు కట్టేముందు, వాటి ఇంజన్లు మనిషి చెయ్యి పడకుండా 720 గంటలు, అంటే నెల రోజులు, ఆగకుండా తిరిగి చూపాలని చట్టసభ షరతు పెట్టింది.  ఫిల్టరు మూసుకుపోతే మార్చేవాడు లేడు, గొట్టం కారితే బిగించేవాడు లేడు. ప్రొపెల్లరు బదులు నీటిని లోపలికి పీల్చి వెనక్కి చిమ్మే జెట్ పెడతారు, దాని నోట్లోనూ నాచు అడ్డం పడుతుంది.

సరంగు ఇంజన్‌ను పైకి ఎత్తి, వెనక అంచు మీద బోర్లా పడుకుంటాడు. "కాళ్ళు పట్టుకోండి బాబూ." మీరు పట్టుకుంటారు. పిక్కలు చల్లగా, రాయిలా ఉన్నాయి. కత్తి నోట కరుచుకుని, భుజం దాకా చెయ్యి చీకట్లోకి ముంచి తడుముతున్నాడు. ఏ పోగు ముందు కొయ్యాలో వేళ్ళతో వెతుకుతున్నాడు. అడ్డంగా కోస్తే ముడి బిగుస్తుందట, తిరిగిన దిక్కుకు ఎదురు విప్పుకుంటూ రావాలట. కత్తి కర్రుకర్రుమంటోంది. ఒక పోగు, ఇంకొకటి, తర్వాత మొత్తం ముద్ద.

లేచి కూర్చుని ఆ నీలం నైలాను ముద్దను నీళ్ళలో పారేయడు. పిండి, పలక కిందికి తోస్తాడు. "మళ్ళీ పారేస్తే ఇంకోడికి సుట్టుకుంటాది కదండీ," అని తాడు లాగుతాడు. రెండో లాగుకు ఇంజన్ అందుకుంటుంది.