వసపిట్టకు వస ఎంత?

ఎక్కువ మాట్లాడే పిల్లని చూసి మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ ఒక మాట అంటారు: "వసపిట్ట!" ఇంకొంచెం విసుగొస్తే, "చిన్నప్పుడు నీకు వస ఎక్కువ పోశారా ఏం?" అంటారు. కన్నడ బడిలో చదువుకుని, తెలుగు ఇంట్లోనే నేర్చుకున్న నాలాంటివాళ్ళకి ఇలాంటి మాటలే ఆస్తి. మూడు తరాలు, నాలుగు తరాలు ఊరు దాటి వచ్చినా ఈ మాట మాత్రం మూటలోంచి జారిపోలేదు. అయితే మాటతో పాటు ఒక మందు కూడా మన వెంట వచ్చింది. పెంచుకునే పిట్టకి వస అరగదీసి పోస్తే మాటలొస్తాయని, అజీర్తి పోతుందని, జలుబు తగ్గుతుందని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. మాటని ఉంచుకుందాం. మందు సంగతి మాత్రం కొంచెం చరిత్ర చూసి తేల్చుకోవాలి.

వస అంటే బురద నేలలో పెరిగే మొక్క దుంప. సంస్కృతంలో వచ, వాక్కు అన్న మాటకి చుట్టమని చెప్తారు. తమిళంలో వసంబు, కన్నడంలో బజె. మన కర్ణాటకలో తుమకూరు జిల్లా కొరటగెరె వైపు దీన్ని పంటగానే వేస్తారు. ఏ గ్రంధిగె అంగడిలో అడిగినా దొరుకుతుంది. పసిబిడ్డకి నాలిక తిరగాలని, కడుపునొప్పి రాకూడదని దక్షిణాదిలో అన్ని భాషలవాళ్ళూ వాడారు. వాడిన పద్ధతి గమనించండి. కొమ్ముని దీపం మీద మాడ్చి, సానరాయి మీద చనుబాలతో ఒకటి రెండు చుట్లు తిప్పి, వచ్చినదాన్ని నాలిక మీద ఒక గీతలా రాసేవాళ్ళు. మాడ్చినప్పుడు దాని ఘాటు నూనె కొంత వేడికి పోతుంది. చుట్ల లెక్క ఇంట్లో పెద్దావిడ చేతిలో ఉంటుంది. అంటే కొలత ఉంది, శుద్ధి ఉంది, ఎవరికి అన్న ఎరుక ఉంది. (ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఇంకేదీ వద్దని ఇప్పటి డాక్టర్ల సలహా. అదీ గుర్తుంచుకోండి.)

ఇదే నమ్మకం బిడ్డ నుంచి చిలక మీదికి వెళ్ళింది. బిడ్డకి మాట తెప్పించేది చిలకకీ తెప్పిస్తుందని. వినడానికి బాగానే ఉంది. కానీ పక్షి గొంతు మన గొంతు లాంటిది కాదు. మనకి స్వరపేటిక మెడలో పైన ఉంటుంది. పక్షికి శబ్దం పుట్టేది ఛాతీలో, గాలిగొట్టం రెండుగా చీలే చోట. చిలక నాలిక సాయం చేస్తుంది కానీ, మాట నేర్చేది చెవితో, మెదడుతో. రోజూ దాని ముందు కూర్చుని మాట్లాడేవాళ్ళు ఉంటే నేరుస్తుంది, లేకపోతే లేదు. వస పోసిన ఇంట్లో చిలక మాట్లాడిందంటే, అంత శ్రద్ధ పెట్టిన మనుషులు దానితో మాట్లాడారని అర్థం.

"మన పూర్వీకులు పక్షులకి మూలికలే వాడారు కదా" అని వెంటనే ఒక ప్రశ్న వస్తుంది. నిజమే, వాడారు. కళ్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో మానసోల్లాసం రాయించాడు. ఆయన రాజధాని కళ్యాణం ఇప్పుడు బీదర్ జిల్లాలో ఉన్న బసవకళ్యాణ. ఆ గ్రంథంలో రాజుల వినోదాల కింద కోళ్ళకి, లావుక పిట్టలకి, పావురాలకి, డేగలకి వేరువేరు అధ్యాయాలున్నాయి. కుమావూ రాజు రుద్రదేవుడి పేర 'శ్యైనిక శాస్త్రం' అని సంస్కృతంలో పూర్తిగా డేగవేట మీదే ఒక పుస్తకం ఉంది. హరప్రసాద్ శాస్త్రి 1910లో కలకత్తాలో దాన్ని అచ్చు వేయించారు. డేగల మేత, కాలాన్ని బట్టి సంరక్షణ, జబ్బులు, మందులు అన్నీ అందులో చెప్పారు. మన తెలుగువాళ్ళ కుక్కుట శాస్త్రం పందెం కోళ్ళది.

ఈ గ్రంథాల నుంచి మనం నేర్చుకోవలసింది ఒకటుంది. డేగ పుస్తకం డేగ గురించే మాట్లాడుతుంది, కోడి శాస్త్రం కోడి గురించే. "పక్షులన్నిటికీ ఇది మంచిది" అనే మాట వాట్సాప్‌ది. చరక సంహిత కూడా, తెలిసి వాడితే విషం మందవుతుంది, తెలియక వాడితే మందే విషమవుతుందనే అర్థంలో హెచ్చరిస్తుంది. మూలిక కాబట్టి హాని చెయ్యదు అనే ధీమా ఆ పాత వైద్యులకు లేదు. అది మన కాలంలో పుట్టింది.

ఇప్పుడు పంజరంలో ఉన్నది ఎవరో చూద్దాం. వసపిట్ట మాట పుట్టిన రోజుల్లో పంజరంలో ఉన్నది రామచిలుక. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక, 1990-91లో మన దేశపు పక్షుల అమ్మకం పూర్తిగా ఆపేశాక, రామచిలుకని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం. అందుకని ఇప్పుడు మన అపార్టుమెంటు బాల్కనీల్లో ఉండేవి ఎక్కువగా బడ్జీలు, కాకటీల్‌లు, లవ్‌బర్డ్స్. మొదటి రెండూ ఆస్ట్రేలియావి, మూడోది ఆఫ్రికాది. బడ్జీ ప్రాణంతో ఇంగ్లండు చేరిందే 1840లో, జాన్ గౌల్డ్ అనే పక్షి శాస్త్రవేత్త తీసుకువస్తే. మన దేశం పంజరాల్లోకి ఆ తరవాతే వచ్చింది. ఎండు నేలల్లో గడ్డి గింజలు ఏరుకుని బతికే పిట్ట అది. దాని జాతి కొరటగెరె వసని ఎప్పుడూ ఎరగదు. వెయ్యేళ్ళ అనుభవం ఉందని మనం చెప్పే మందుకి ఈ పిట్ట మీద ఒక్క రోజు అనుభవం కూడా లేదు.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఒక మెషీన్‌లో పనిచేసింది ఇంకోదానిలోనూ పనిచేస్తుందని ఎవరైనా అంటే, "అక్కడ నడిపి చూశారా?" అని అడగడమే మా పని. ఆ అలవాటుతోనే ఒక లెక్క వేశాను. భారత ఆయుర్వేద ఫార్మకోపియాలో వస పొడికి రాసిన మోతాదు 60 నుంచి 120 మిల్లీగ్రాములు. వాంతి చేయించాలంటే 1 నుంచి 2 గ్రాములు. ఇది మనిషికి. మనిషి 60 కిలోలు, బడ్జీ 35 గ్రాములు అనుకుందాం. 120 మిల్లీగ్రాముల్ని అదే పాళ్ళలో తగ్గిస్తే బడ్జీకి వచ్చేది 0.07 మిల్లీగ్రాములు. ఇంట్లో అంత సన్నగా కొలవడం ఎవరి వల్లా కాదు. సానరాయి మీద అరగదీసింది బియ్యపు గింజలో సగం తూకం, అంటే సుమారు 10 మిల్లీగ్రాములు ఉందనుకున్నా, అది ఆ మోతాదుకి 140 రెట్లు. మనిషి పాళ్ళలో చెప్పాలంటే ఒకేసారి 17 గ్రాములు మింగినట్టు. వాంతి మోతాదే 2 గ్రాములని మరవకండి. ఇది ఒట్టి తూకం లెక్క. మందు ఒంట్లో ఎంతసేపు ఉంటుంది, కాలేయం దాన్ని ఎలా విరుస్తుంది అన్నవి జాతిని బట్టి మారతాయి కాబట్టి అసలు జవాబు ఇటైనా అటైనా ఉండొచ్చు. అందుకే ఊహ మీద పొయ్యకూడదు అంటున్నాను.

ఇంకొక సంగతి. మన దేశపు వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఎక్కువ. 1960ల్లో జమ్మూ వస నూనెని మేతలో కలిపి ఎలుకలకి చాలాకాలం పెడితే పేగుల్లో కణితులు వచ్చాయి. 1968లో అమెరికా ప్రభుత్వం వసని, దాని నూనెని ఆహారంలో కలపకూడదని నిషేధించింది. మన అవ్వలకి ఈ పరీక్షలు తెలియవు కానీ దాని బలం తెలుసు. ధాన్యానికి, బట్టల పెట్టెకి పురుగు పట్టకుండా వేసింది కూడా ఈ వసనే. పురుగుని తరిమేదాన్ని 35 గ్రాముల పిట్ట నోట్లో పోసే ముందు ఒక్క నిమిషం ఆగాలి కదా.

ఇదంతా విని, ఇంగ్లీషు మందులే మంచివని చెప్తున్నానని అనుకోకండి. బెంగళూరు నుంచి మైసూరు దారిలో రామనగర దగ్గర రామదేవర బెట్ట ఉంది. 'షోలే' సినిమా తీసిన ఆ కొండల్ని 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. అభయారణ్యం అవసరం ఎందుకొచ్చిందంటే, 1990ల నుంచి దేశంలో రాబందులు కుప్పలుగా చచ్చిపోయాయి. ఒక జాతిలో నూటికి తొంభై తొమ్మిది పైన పోయాయి. కారణం 2004లో బయటపడింది. పశువులకి నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్. దాన్ని పశువు తట్టుకుంది. ఆ పశువు చచ్చాక కళేబరం తిన్న రాబందుకి మూత్రపిండాలు పోయాయి. 2006లో పశువులకి ఆ మందు వాడకుండా ప్రభుత్వం ఆపింది. అది మూలిక కాదు, ఫ్యాక్టరీ మందు. అయినా నీతి ఒకటే. ఒక ప్రాణికి పడింది ఇంకో ప్రాణికి పడుతుందని ఎవరూ రాసివ్వలేదు.

వస ఒక్కటే కాదు. మన ఇళ్ళల్లో తిరిగే మిగతా చిట్కాలకీ ఇదే పరీక్ష పెట్టండి. వెల్లుల్లి, ఉల్లి పక్షి రక్తకణాల్ని పగలగొట్టిన సందర్భాలు పశువైద్య పత్రికల్లో ఉన్నాయి. కోళ్ళ మేతలో కొద్దిగా వెల్లుల్లి పొడి కలిపి చూసిన పరిశోధనలూ ఉన్నాయి. రెండూ నిజమే. తేడా జాతిలో, మోతాదులో ఉంది. పేలకని వేపనూనె పూస్తే ఈకలు అతుక్కుని ఒంటి వెచ్చదనం పోతుంది, ముక్కుతో దువ్వుకున్నప్పుడు ఆ నూనె కడుపులోకి పోతుంది. జలుబుకని సాంబ్రాణి, కర్పూరం పొగ పెడితే ఇంకా ప్రమాదం. పక్షి ఊపిరితిత్తుల్లో గాలి ఒకే వైపుగా పారుతూ ఉంటుంది, వెనక గాలి సంచులు ఉంటాయి. గాలిలో ఉన్నది ఏదైనా మనకంటే త్వరగా దాని రక్తంలోకి దిగుతుంది. ఇంగ్లండు బొగ్గుగనుల్లో 1986 దాకా విషవాయువు కనిపెట్టడానికి కెనరీ పిట్టల్ని దించింది అందుకే.

మరి ఏం పెట్టొచ్చు? కడిగిన కొత్తిమీర, మునగాకు లాంటివి కొద్దిగా మేతగా పెట్టొచ్చు. అది తిండి, మందు కాదు. పిట్ట ఈకలు ఉబ్బించుకుని పొద్దంతా ఒక మూల కూర్చుందంటే మాత్రం చిట్కాలు వెతకొద్దు. పక్షులు జబ్బుని దాచుకుంటాయి. మన కంటికి కనిపించేసరికి అది అప్పటికే ముదిరి ఉంటుంది. పంజరాన్ని గాలి కొట్టని వెచ్చని చోట పెట్టి, రెట్ట పడిన కాగితంతో సహా అదే రోజు పక్షుల్ని చూసే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి. ఇంట్లో ఇప్పటికే ఏదైనా పోసి ఉంటే దాచకుండా చెప్పండి.

మన పెద్దవాళ్ళ దగ్గర్నుంచి మనకి వచ్చింది కొమ్ము ఒక్కటే కాదు. ఎవరికి, ఎంత, ఎలా అని అడిగి చేసే చెయ్యి కూడా వచ్చింది. కొమ్ము అంగడిలో ఎప్పుడైనా దొరుకుతుంది. ఆ అడిగే అలవాటుని మనం పిల్లలకి ఇవ్వాలి. మీ ఇంట్లో వసపిట్ట ఉంటే రోజూ ఓ పది నిమిషాలు దాని ముందు కూర్చుని తెలుగులో మాట్లాడండి. దానికి మాటలొచ్చినా రాకపోయినా, పక్కన ఆడుకునే పిల్లలకి వస్తాయి.