డిస్టార్షన్, కోరస్ పెడళ్ళు

డిస్టార్షన్ పెడలు, కోరస్ పెడలు అనేవి ఎలక్ట్రిక్ గిటారు ధ్వనిని మార్చటానికి వాడే రెండు రకాల చిన్న ఎలక్ట్రానిక్ పరికరాలు. వీటిని గిటారుకు, యాంప్లిఫైయరుకు మధ్య కలిపి నేలమీద ఉంచి, కాలితో నొక్కి పనిచేయిస్తారు. అందువలన వీటికి పెడళ్ళు అని పేరు వచ్చింది. డిస్టార్షన్ పెడలు ధ్వని తరంగం యొక్క ఆకారాన్నే మారుస్తుంది. కోరస్ పెడలు అదే ధ్వనికి కొద్ది ఆలస్యంతో మరొక ప్రతిని జతచేస్తుంది. వీటి ఎంపికలోను, అమరికలోను పాటించే నియమాలు చాలావరకు ఈ ఒక్క తేడా నుండే వస్తాయి.

చరిత్ర

డిస్టార్షన్ మొదట ఒక లోపంగానే పుట్టింది. యాంప్లిఫైయరును దాని శక్తికి మించి వాడినపుడు ధ్వని బొంగురుపోతుంది. 1950లలో కొందరు అమెరికన్ వాద్యకారులకు ఆ బొంగురే నచ్చింది. 1964లో ఇంగ్లండుకు చెందిన కింక్స్ బృందంలోని డేవ్ డేవీస్ బ్లేడుతో స్పీకరు కాగితాన్ని కోసి ఇటువంటి ధ్వనిని రాబట్టాడు. 1962లో గిబ్సన్ సంస్థ మేస్ట్రో ఫజ్-టోన్ అనే పెడలును విడుదల చేసింది. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం "సాటిస్‌ఫాక్షన్" పాటలో దానిని వాడిన తరువాత ఇటువంటి పెడళ్ళకు గిరాకీ పెరిగింది. జపాను సంస్థ రోలాండ్ తన బాస్ అనే పేరు కింద 1978లో విడుదల చేసిన డీఎస్-1 పెడలు విద్యార్థులలో బాగా ప్రచారం పొందింది.

కోరస్ పెడలు తరువాతి కాలానిది. 1969లో ఫిలిప్స్ సంస్థ పరిశోధకులు సంకేతాన్ని మెట్టుమెట్టుగా ముందుకు పంపి ఆలస్యం చేసే వలయాన్ని రూపొందించారు. ఒకరి చేతి నుండి మరొకరి చేతికి నీళ్ళ బకెట్లు అందించినట్లు ఇది పనిచేస్తుంది కనుక దీనికి బకెట్ బ్రిగేడ్ అని పేరు. రోలాండ్ జేసీ-120 యాంప్లిఫైయరు (1975)లోని కోరస్‌ను విడిగా తీసి 1976లో సీఈ-1 అనే పెడలుగా అమ్మారు. నిర్వాణ బృందం 1991 నాటి "కమ్ యాజ్ యు ఆర్" పాటలో వినిపించేది స్మాల్ క్లోన్ అనే కోరస్ పెడలు.

పనిచేసే విధానం

డిస్టార్షన్ పెడలు సంకేతాన్ని ముందు బాగా పెంచి, ఆపై డయోడ్ల సహాయంతో తరంగ శిఖరాలను కత్తిరిస్తుంది. దీనిని క్లిప్పింగ్ అంటారు. శిఖరాలు చదునైనపుడు మూల స్వరానికి రెండు, మూడు, నాలుగు రెట్ల పౌనఃపున్యం గల అనుస్వరాలు పుట్టి ధ్వని కరకుగా, నిండుగా మారుతుంది. పెద్ద ధ్వని, చిన్న ధ్వని దాదాపు ఒకే ఎత్తుకు వస్తాయి కనుక స్వరం ఎక్కువ సేపు నిలుస్తుంది.

రెండు తీగలు కలిసి మోగినపుడు వాటి పౌనఃపున్యాల మొత్తం, భేదం కూడా కొత్త స్వరాలుగా వినిపిస్తాయి. ఉదాహరణకు షడ్జమం 110 హెర్ట్జ్, పంచమం 165 హెర్ట్జ్ అయితే భేదం 55 హెర్ట్జ్. అది షడ్జమానికి సరిగ్గా కింది స్థాయి షడ్జమం కనుక శ్రుతిలో ఇముడుతుంది. గిటారుపై అంతర గాంధారం సుమారు 138.6 హెర్ట్జ్. ఇక్కడ భేదం 28.6 హెర్ట్జ్, శ్రుతికి కావలసినది 27.5. అందువలన గాంధారం కలిసిన స్వరగుచ్ఛాలు గట్టి డిస్టార్షన్‌లో గందరగోళంగా వినిపిస్తాయి. రాక్ వాద్యకారులు షడ్జమ పంచమాలను మాత్రమే జతచేసి వాయించటానికి ఇది ముఖ్య కారణం.

కోరస్ పెడలు సంకేతానికి ఒక ప్రతిని తీసి, సుమారు 5 నుండి 30 మిల్లీసెకండ్ల ఆలస్యంతో అసలు ధ్వనిలో కలుపుతుంది. ఆ ఆలస్యం నెమ్మదిగా పెరుగుతూ తగ్గుతూ ఉండటం వలన ప్రతి యొక్క శ్రుతి కొద్దిగా ఊగుతుంది. భజనలో పదిమంది ఒకే చరణం పాడినపుడు గొంతులు రవ్వంత తేడాతో కలిసి నిండుదనం వచ్చినట్లే ఇక్కడ ఒక గిటారు పలు గిటార్ల వలె వినిపిస్తుంది. ఊపు వేగాన్ని ఒక మీట, లోతును మరొక మీట నియంత్రిస్తాయి.

భారతీయ సంగీతంలో

పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) మాండొలిన్‌ను కర్ణాటక సంగీతానికి అనుకూలంగా మలచాడు. నాలుగు జతల తీగలకు బదులు అయిదు ఒంటి తీగలు గల ఎలక్ట్రిక్ వాద్యాన్ని వాడాడు. మామూలు మాండొలిన్‌లో స్వరం త్వరగా ఆగిపోతుంది, గమకానికి అది చాలదు. స్వరం నిలవటానికి అతడు విద్యుత్తును ఆశ్రయించినా ధ్వనిని మాత్రం స్వచ్ఛంగానే ఉంచాడు. గమకం పలికించే విద్యార్థికి ఇది మంచి సూచన. స్వరం నిలవటానికి కొద్దిపాటి డిస్టార్షన్ తోడ్పడుతుంది. కోరస్ మాత్రం శ్రుతిని తానే ఊపుతుంది కనుక సూక్ష్మ గమకాలను మరుగుపరుస్తుంది.

ఎంపిక

* ముందుగా యాంప్లిఫైయరును పరిశీలించాలి. సాధన కోసం అమ్మే చాలా యాంప్లిఫైయర్లలో డిస్టార్షన్ ఉంటుంది. అది చాలినపుడు మరొక పెడలు అనవసరం.
* డిస్టార్షన్‌లో మూడు తరగతులున్నాయి. ఓవర్‌డ్రైవ్ మెత్తనిది, మీటు బలాన్ని బట్టి మారుతుంది. డిస్టార్షన్ దానికంటె కరకైనది. ఫజ్ తరంగాన్ని దాదాపు చతురస్రంగా మారుస్తుంది. భక్తి గీతాలకు, సినీ గీతాలకు తోడుగా వాయించేవారికి ఓవర్‌డ్రైవ్ సాధారణంగా సరిపోతుంది.
* ఒంటి చుట్ట పికప్ గల గిటారు ఇంటి విద్యుత్తులోని 50 హెర్ట్జ్ రొదను గ్రహిస్తుంది. డిస్టార్షన్ ఆ రొదను కూడా పెంచుతుంది. జంట చుట్టల హంబకర్ పికప్‌లో ఈ బాధ తక్కువ.
* గిటారు స్పీకర్లు సుమారు 5,000 హెర్ట్జ్‌కు పైనున్న ధ్వనిని బాగా తగ్గిస్తాయి. పెడలును నేరుగా కీబోర్డు యాంప్లిఫైయరుకో, సభల మిక్సరుకో కలిపితే ఆ వడపోత లేక ధ్వని కందిరీగల మోతలా ఉంటుంది. అది పెడలు లోపం కాదు. గిటారు స్పీకరును అనుకరించే పరికరాన్ని మధ్యలో ఉంచితే సరిపోతుంది.
* రెండు పెడళ్ళను పోల్చేటపుడు ధ్వని పరిమాణం సమానంగా ఉంచాలి. పెద్దగా మోగేదే మేలైనదని చెవి పొరబడుతుంది. వీలైతే సొంత గిటారును దుకాణానికి తీసుకువెళ్ళటం మంచిది.

అమరిక

సాధారణంగా గిటారు, డిస్టార్షన్, కోరస్, యాంప్లిఫైయరు అనే వరుస పాటిస్తారు. కోరస్ ముందుంటే శ్రుతిలో రవ్వంత తేడా గల రెండు ధ్వనులు కలిసి క్లిప్పింగ్‌కు గురై స్పష్టత పోతుంది. డిస్టార్షన్ ముందుంటే ఇప్పటికే ఏర్పడిన ధ్వనికి కోరస్ విస్తృతిని మాత్రమే ఇస్తుంది. ప్రత్యేక ప్రభావం కోసం ఈ వరుసను తిరగవేసేవారు కూడా ఉన్నారు.

విద్యుత్ జాగ్రత్తలు

చాలా పెడళ్ళు 9 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో పనిచేస్తాయి. వీటి సాకెట్టులో మధ్య పిన్ను సాధారణంగా రుణ ధ్రువం. ఇంట్లోని ఇంటర్నెట్ రౌటరు అడాప్టరు తరచుగా 12 వోల్టులది, మధ్య భాగం ధన ధ్రువం. ప్లగ్గు సరిపోతుంది కదా అని దానిని పెట్టినందువలన పాడైన పెడళ్ళు ఎన్నో. కాబట్టి పెడలుపైన, అడాప్టరుపైన ముద్రించిన వోల్టేజి, ధ్రువాల గుర్తు, మిల్లీ ఆంపియర్లు మూడింటినీ సరిచూడాలి. అడాప్టరు ఇవ్వగల మిల్లీ ఆంపియర్లు పెడలుకు కావలసిన వాటికంటె ఎక్కువ ఉన్నా హాని లేదు, తక్కువ ఉండరాదు. బ్యాటరీతో నడిచే పెడలు గిటారు తీగను గుచ్చగానే పనిచేయటం మొదలుపెడుతుంది. అందుచేత సాధన ముగియగానే తీగను తీసివేయాలి.

ఇవి కూడా చూడండి

* గిటారు
* మాండొలిన్
* ఉప్పలపు శ్రీనివాస్
* యాంప్లిఫైయరు