బ్రేకు దిమ్మె కథ

సిరిసిల్లలో మరమగ్గములను సాంచాలందురు. పాత సాంచాలలో పడుగు చుట్టిన బీము చివర గొలుసునో త్రాటినో చుట్టి, దానికి బరువు వ్రేలాడదీయుదురు. ఆ రాపిడి తగ్గినచో పడుగు వదులగును. మించినచో పోగులు తెగును. సైకిలును ఆపునది కూడ ఈ రాపిడియే.

సైకిలు ఆగుట యనగా దాని గతిశక్తి ఉష్ణముగా మారుట. మనిషియు సైకిలును కలిసి 80 కిలోగ్రాములనుకొనుడు. గంటకు 18 కిలోమీటర్ల వేగములో గతిశక్తి 1,000 జౌళ్ళు. వేగము రెట్టింపైనచో 4,000. ఈ శక్తి యంతయు 100 గ్రాముల ఉక్కు బిళ్ళలో చేరినచో అది మొదట సుమారు 20 డిగ్రీలు, రెండవమారు 80 డిగ్రీలు వేడెక్కును. ఈ వేడికోర్చి చక్రమును పట్టి నిలుపు పదార్థమేది?

ఇంగ్లండులోని డెర్బీషైరు కొండదారులలో బండివాండ్రు పల్లము దిగునపుడు చక్రమునకు పాత బూటును అదిమిపెట్టెడివారు. అది చూచిన హెర్బర్ట్ ఫ్రూడ్ బ్రేకు దిమ్మెలపై ప్రయోగములు చేసి, 1897లో ఫెరోడో సంస్థను నెలకొల్పెను. 1902లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ కారు చక్రమునకు డిస్కు బ్రేకును కనిపెట్టి పేటెంటు పొందెను. ఆయన దిమ్మెలకు రాగి రేకు. లోహము లోహమును ఒరయగా పుట్టు కీచుమను చప్పుడు భరింపరానిదయ్యెను. 1907లో ఫ్రూడ్ రాగికి బదులు రాతినారను, అనగా ఆస్బెస్టాసును, వాడి ఆ చప్పుడు నణచెను. రాతినార కాలదు, చవక; ఇంతకంటె ఏమి కావలెను? కాని దాని ధూళి ఊపిరితిత్తులలో చేరి, ఎన్నో ఏండ్లకు కాన్సరుగా బయటపడును. ఈ సంబంధమును దక్షిణాఫ్రికా వైద్యులు 1960లో వెల్లడించిరి. బ్రిటను దానిని పూర్తిగా నిషేధించినది 1999లో. అంతవరకు బ్రేకుధూళిని నోటితో ఊదిన మెకానిక్కులెందరో!

సైకిలుకు డిస్కు ఆలస్యముగా వచ్చినది. జగిత్యాల, కోరుట్లలలో సైకిలు టాక్సీ దుకాణములు అద్దెకిచ్చిన బండ్లకు రాడ్డు బ్రేకులే. రబ్బరు దిమ్మె చక్రపు పట్టెను ఒరసెడిది. వానలో పట్టె తడియగానే అది జారెడిది. డిస్కు ఇరుసు చెంత నుండును గనుక బురద తక్కువ. అంతర్జాతీయ సైకిలు సంఘము రోడ్డు పందెములలో దీనిని 2018లో పూర్తిగా అనుమతించినది.

నేడు బడిపిల్లల సైకిళ్ళకు కూడ డిస్కులున్నవి. దిమ్మెలు ముఖ్యముగా రెండు విధములు. రెసిను కలిపినవి నిశ్శబ్దముగా వెంటనే పట్టును గాని వానలో, బురదలో త్వరగా అరుగును. లోహపు పొడిని వేడిచేసి ముద్దకట్టించినవి ఎక్కువకాలము మన్నును, చప్పుడు మాత్రమెక్కువ. కొన్ని డిస్కులపై రెసిను దిమ్మెలే వాడవలెనని ముద్రించి యుండును. అది చూడక కొన్నచో డిస్కే అరిగిపోవును. ఆకారములు పలురకములు గనుక పాత దిమ్మెను దుకాణమునకు వెంట తీసికొనిపోవుట మేలు.

ఒరయు పొర మందము ఒక మిల్లీమీటరుకు తగ్గినచో దిమ్మె మార్చవలెను. చక్రమును విప్పి, తీగ బ్రేకైనచో తీగను వదులుచేసి, పాత జతను తీసి క్రొత్తదానిని అమర్చవలెను. గొలుసుకు వేయు నూనె చుక్క పడినను, జిడ్డు వ్రేలు తగిలినను దిమ్మె పట్టు తప్పును. చాల తీగ బ్రేకులలో ఒక ప్రక్క దిమ్మెయే కదలును. రెండవదానిని మరతో డిస్కు దగ్గరకు జరుపవలెను. పిమ్మట జనసంచారము లేని చోట మెల్లగా త్రొక్కుచు ఇరువది మార్లు బ్రేకు వేయవలెను. దిమ్మె పదార్థము పలుచగా డిస్కుకు అంటుకొన్న పిదపనే పూర్తి పట్టు వచ్చును; అందాక వాలు రోడ్డు ఎక్కరాదు.