ఆకుల మీదుగా అడవిలోకి పాదరసం

పాదరస కాలుష్యమంటే మొదట్లో అందరూ చూసింది నీళ్లవైపే. 1956లో జపాన్‌లోని మినమాటాలో బయటపడ్డ నరాల జబ్బుకు కారణం, ఓ రసాయన కర్మాగారం సముద్రంలోకి వదిలిన మిథైల్ మెర్క్యూరీ. అది చేపల్లో చేరి, వాటిని తిన్న మనుషుల్లోకి పాకింది. మామూలు పాదరసాన్ని అడుగు బురదలోని సూక్ష్మజీవులే ఈ విషంగా మారుస్తాయని 1969లో స్వీడన్ శాస్త్రవేత్తలు యెన్సెన్, యెర్నెలోవ్ నిరూపించారు.

మరి దరిదాపుల్లో ఫ్యాక్టరీలే లేని సరస్సుల చేపల్లోకి ఇది ఎలా వచ్చింది? జవాబు గాలిలో దొరికింది. బొగ్గు మండినప్పుడు వెలువడే పాదరసపు ఆవిరి నెలల తరబడి గాలిలో తిరిగి, ఖండాలు దాటి, వానతో కిందికి దిగుతుంది. అమెరికాలో 1996 నుంచి వాన నీటిలో పాదరసాన్ని క్రమం తప్పకుండా కొలుస్తున్నారు.

అయితే ఆరుబయట పట్టిన వాన నీళ్లతో అడవి లెక్క తేలదు. టెనెసీలోని వాకర్ బ్రాంచ్ అడవిలో స్టీవ్ లిండ్‌బర్గ్ బృందం 1990లలో చెట్ల కింద పడే నీటినీ, రాలిన ఆకులనూ పరీక్షించింది. ఆకు మీద పేరుకున్న పాదరసాన్ని వాన కడిగి కింద పోస్తుంది. ఆవిరి రూపంలో ఉన్నది పత్రరంధ్రాల గుండా ఆకులోకి వెళ్లి, ఆకు రాలినప్పుడు నేలకు చేరుతుంది. చాలా అడవుల్లో ఈ రెండో దారే పెద్దది.

ఆకుల ఈ పట్టు బంగారు గనుల దగ్గర మరీ స్పష్టంగా కనిపించింది. పెరూలోని మాద్రే దె దియోస్ ప్రాంతంలో బంగారం కోసం నది ఇసుకలో పాదరసం కలుపుతారు. అది బంగారు రేణువులను పట్టుకుని ముద్దవుతుంది. ముద్దను కాలిస్తే బంగారం మిగులుతుంది, పాదరసం ఆవిరైపోతుంది. ఆ ఆవిరి ఎటు పోతోందో 2022లో వెలువడిన పరిశోధన చూపింది. నరికేసిన నేలకన్నా, గనుల సమీపంలోని దట్టమైన లాస్ అమిగోస్ అడవిలోనే పాదరసం ఎక్కువగా దిగింది. అక్కడి పిట్టల్లో, గనులకు దూరంగా ఉన్న అడవి పిట్టలకన్నా 2 నుంచి 12 రెట్లు ఎక్కువ కనిపించింది.

కెనడాలోని ఒంటారియోలో 2001 నుంచి 2007 దాకా ఒక సరస్సులోనూ, చుట్టూ ఉన్న అడవిలోనూ ఎక్కడ వేసింది ఎటు పోయిందో గుర్తుపట్టేలా వేర్వేరు ఐసోటోపుల పాదరసం వేసి చూశారు. సరస్సులో వేసింది త్వరగానే చేపల్లో చేరింది, వేయడం ఆపాక తగ్గింది. అడవిలో వేసింది దాదాపు అంతా అక్కడే ఉండిపోయింది. అంటే అడవి పాదరసాన్ని పోగొట్టదు, దాచిపెడుతుంది. నరికినా, కార్చిచ్చు రేగినా దాచినది మళ్లీ బయటికొస్తుంది.

మనకిది పరాయి కథ కాదు. కొడైకెనాల్ థర్మామీటర్ ఫ్యాక్టరీ పాదరసం చుట్టుపక్కల చెట్ల మీది నాచులోనూ, లైకెన్లలోనూ చేరిందని తేల్చింది హైదరాబాద్ శాస్త్రవేత్తలే. పాదరసాన్ని అరికట్టేందుకు 2017లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ మినమాటా ఒప్పందంలో భారత్ 2018లో చేరింది. బొగ్గు చిమ్నీ దగ్గరే పాదరసాన్ని పట్టుకోవడం అడవిని కాపాడటమే. ఉన్న అడవిని నిలబెట్టడం పాదరసాన్ని అదుపులో ఉంచడమే. ఈ రెండు పనులనూ విడదీయకూడదు.