క్యాసరోల్: గిన్నె పేరే వంట పేరు

మన ఇళ్లలో క్యాసరోల్ అంటే చపాతీలు చల్లారిపోకుండా దాచుకునే మూత డబ్బా. ఫ్రెంచివాళ్లకు పిడి ఉన్న గిన్నె. ఇంకా తవ్వితే, చిన్న కప్పు అనే అర్థమున్న గ్రీకు మాట తగులుతుంది. అమెరికాలో గిన్నె పేరు అందులో వండేదానికే స్థిరపడింది. 1955లో క్యాంప్‌బెల్ సూప్ కంపెనీలో డోర్కస్ రైలీ రూపొందించిన గ్రీన్ బీన్ క్యాసరోల్ లేనిదే అక్కడ చాలా ఇళ్లలో థ్యాంక్స్‌గివింగ్ విందు సాగదు. బీన్స్, డబ్బా మష్రూమ్ సూప్, పైన వేయించిన ఉల్లిపాయలు, ప్రధానంగా ఇవే. ఉప్పు ఎక్కువగా ఆ సూప్‌దే. వంటకం తేలిగ్గా ఉండాలంటే, ఆ సూప్ బదులు పుట్టగొడుగుల్ని నీరు ఇగిరి అంచులు ఎర్రబడేదాకా వేయించి, చెంచాడు మైదా చల్లి, వెన్న తీసిన పాలు కొద్దికొద్దిగా పోస్తూ గరిటెకు అంటేంత చిక్కగా ఉడికించాలి. ఉల్లిపాయలు సగానికి తగ్గించండి గానీ, పూర్తిగా మానేయకండి. ఆ కరకర కోసమేగా పిల్లలు రెండోసారి వడ్డించమనేది!